ప్రతివాది తరఫు ప్లీడరు: డెల్టా కోర్టుల్లో మారుతూ వచ్చిన పని

నాట్ల రోజుల్లో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు తొట్టి కాలవగట్టు మీద బోల్తా పడితే, గోదావరి డెల్టాలో ఆ ప్రమాదం రెండు ఫైళ్లుగా కోర్టుకు చేరుతుంది: ఒకటి డ్రైవరు మీద పోలీసు కేసు, రెండోది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం కోసం వేసే ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్). గాయాల కేసుల్లో ప్రతివాది వైపు నిలబడే ప్లీడరు వృత్తి నేర్చుకునేది ఎక్కువగా ఈ రెండో ఫైలులోనే, బీమా కంపెనీ తరఫున కౌంటరు (రాతపూర్వక జవాబు) వేస్తూ.

డ్రైవరుకు లైసెన్సు లేదనీ, తొట్టిలో మనుషులను ఎక్కించడం పాలసీ షరతులకు విరుద్ధమనీ చెప్పడం ఆ కౌంటరులో ఆనవాయితీ. సరుకు వాహనంలో ఊరికే ఎక్కినవారికి బీమా వర్తించదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పడంతో రెండో వాదనకు బలం వచ్చింది. మొదటిదానికి మాత్రం 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు పదును తగ్గించింది: లైసెన్సు లేకపోవడం ఒక్కటే చాలదు, యజమాని నిర్లక్ష్యాన్నీ కంపెనీయే రుజువు చేయాలి, చేసినా, ముందు బాధితులకు చెల్లించి తరవాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు.

అక్కడి నుంచి పోరాటం అంకెల మీదికి మళ్లింది. 2009లో సరళా వర్మ తీర్పు వయసును బట్టి గుణకాలను, అంటే మృతుడి ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చించాలో చెప్పే అంకెలను, స్థిరపరిచింది. 2017లో ప్రణయ్ సేథీ తీర్పు స్వయంగా సంపాదించుకునేవారికి కూడా భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద కొంత శాతం కలపమంది. మృతుడికి 39 ఏళ్లయితే గుణకం 15, కలిపే శాతం 40. 41 ఏళ్లయితే గుణకం 14, శాతం 25. రేషన్ కార్డులో ఒక వయసు, పోస్టుమార్టం రిపోర్టులో మరో వయసు ఉన్న కూలీ మనిషి కేసులో, బోనులో నిలబడిన భార్యను ఈ రెండేళ్ల తేడా గురించే గుచ్చి గుచ్చి అడుగుతారు. ప్లీడర్ల మీద ‘కంపెనీ మనిషి’ అన్న నింద పుట్టేది ఇక్కడే. అందులో సగమైనా నిజముంది.

ప్రమాదకర పరిశ్రమల విషయంలో తప్పు తమది కాదని వాదించే అవకాశం కూడా కుంచించుకుపోయింది. ఢిల్లీ ఓలియం వాయువు కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు, అలాంటి సంస్థ ఎంత జాగ్రత్త తీసుకున్నా హానికి మినహాయింపుల్లేని బాధ్యత వహించాలని తేల్చింది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయేనాటికి ఆ సూత్రానికి 27 ఏళ్లు దాటాయి.

వస్తువుల లోపాల కేసులు ఇక్కడికి ప్రధానంగా వినియోగదారుల ఫోరాల ద్వారా, 1986 వినియోగదారుల రక్షణ చట్టంతో వచ్చాయి. వరి విత్తనం మొలవలేదని రైతు ఫిర్యాదు చేస్తే, శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపలేదు కాబట్టి లోపం రుజువు కాలేదన్నది కంపెనీల స్థిర వాదన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డిలో, 2012లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది: కొన్న విత్తనాన్నంతా చల్లేసే రైతు పరీక్ష కోసం గుప్పెడు దాచి ఉంచుతాడని ఎవరూ ఆశించకూడదు. ఆ తరవాత ప్లీడర్లు సంచి మీది లాట్ నంబరు, మొలక శాతం రాసిన ట్యాగు, పొలంలో నీరు నిలిచిన రోజులు వంటి వివరాల్లోకి దిగాల్సి వచ్చింది. అరువు మీద చీటీ రాయించుకుని సంచులు తెచ్చుకున్న కౌలు రైతుకు బిల్లు చూపమన్న ప్రశ్న మాత్రం నేటికీ ఇబ్బందే.

రొయ్యల చెరువుల దగ్గర వాదన మరోలా ఉంటుంది. మేత చెడ్డదా కాదా అన్నదానికన్నా ముందు, కొన్నది ‘వాణిజ్య ప్రయోజనం’ కోసమా అని అడుగుతారు; అలా కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్నవారికి చట్టంలో మినహాయింపు ఉంది గనుక, ఒకటి రెండు ఎకరాల చెరువు చూసుకునేవాడు దాటిపోయే ఈ గడప దగ్గర, పదుల ఎకరాలు లీజుకు తీసుకున్నవాడు ఆగిపోవచ్చు.

2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉత్పత్తి బాధ్యతకు, అంటే లోపమున్న వస్తువు వల్ల కలిగే హానికి వహించాల్సిన బాధ్యతకు, ప్రత్యేక అధ్యాయం ఇచ్చింది. రాతపూర్వక హామీకి తగ్గట్టు వస్తువు లేకపోతే, హామీ ఇవ్వడంలో నిర్లక్ష్యం లేదని నిరూపించుకున్నా తయారీదారు బయటపడలేడు. ప్రతివాదికి ఊరటా ఉంది: వస్తువును దుర్వినియోగం చేసినా మార్పులు చేసినా అమ్మకందారుపై కేసు నిలవదు, ‘హాని’ నిర్వచనంలో వాణిజ్య నష్టం లేదు. కానీ ఇదివరకు కంపెనీకీ భీమవరంలోని డీలరుకూ ఒకే ప్లీడరు వకాల్తా వేసేచోట, ఇప్పుడు చిక్కు వచ్చింది. తయారీదారు ఎవరో తేలకపోతేనో, వస్తువును తానే మార్చితేనో, తానే హామీ ఇస్తేనో డీలరు కూడా బాధ్యుడవుతాడు కనుక, అతని కౌంటరులో మొదటి వాక్యం కంపెనీ వైపే వేలు చూపుతుంది. ఆ వాక్యాన్ని కంపెనీ ప్లీడరు రాయలేడు.