నాలుగు మీటర్లలో ఏడు సీట్లు

మన దేశంలో చిన్న కారు ఎంత పొడవుండాలో డిజైనరు కంటే ముందు పన్నుల శాఖ నిర్ణయిస్తుంది. పొడవు 4 మీటర్లకు మించకుండా, పెట్రోల్ ఇంజనైతే 1200 సీసీ, డీజిల్ ఇంజనైతే 1500 సీసీ దాటకుండా ఉన్న కార్లకు 2006 కేంద్ర బడ్జెట్ ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత చెరిగిపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోల్, డీజిల్ కార్లలో గీతకు ఇవతల ఉన్నవాటికి 18 శాతం, అవతల ఉన్నవాటికి 40 శాతం పన్ను పడుతోంది. 2012లో మారుతి డిజైర్ తన డిక్కీని కత్తిరించుకుని 3995 మిల్లీమీటర్లకు కుదించుకుపోయింది ఈ గీత కోసమే. డిక్కీ తగ్గించి ఐదుగురిని కూర్చోబెట్టడం పెద్ద కష్టం కాదు. అంతే పొడవులో ఏడుగురిని కూర్చోబెట్టాలంటే మాత్రం లెక్క మొదటి నుంచి వేసుకోవాలి.

ఆ లెక్కను రెండు కార్లు రెండు విధాలుగా వేశాయి. 2015లో వచ్చిన డాట్సన్ గో ప్లస్, అదే సంస్థకు చెందిన 3785 మి.మీ. గో కారుకు తోక పెంచి తయారుచేసిన బండి. పొడవు 3995 మి.మీ.కు పెరిగినా, ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, రెండింటిలోనూ 2450 మి.మీ. మాత్రమే. పెరిగినదంతా వెనుక ఇరుసుకు అవతలే కాబట్టి మూడో వరుసలో మోకాళ్లు పెట్టుకునే చోటు లేక, అది పిల్లలకు తప్ప పనికిరాకుండా పోయింది. 2019 ఆగస్టులో 4.95 లక్షల రూపాయల ప్రారంభ ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చిన రెనో ట్రైబర్ పొడవు 3990 మి.మీ.; గో ప్లస్ కంటే 5 మి.మీ. తక్కువే. అయినా దాని వీల్‌బేస్ 2636 మి.మీ. ఒకటి తోక సాగదీసింది, మరొకటి నడుము సాగదీసింది.

నడుము సాగదీయడం అంత సులువైతే అందరూ చేసేవారు. అడ్డుపడేది కారుకు పునాదిలాంటి ప్లాట్‌ఫామ్. ఆ మాట అనగానే రైల్వే స్టేషన్‌లోలా ఒక చదునైన దిమ్మ, దాని మీద రకరకాల పైకప్పులు బిగించడం అనే బొమ్మ మనసులో మెదులుతుంది. లారీలకు అలాంటి విడి చట్రం ఉంటుంది కాని, నేటి చిన్న కార్లలో నేల, గోడలు, కప్పు కలిసి ఒకే పెట్టెగా వెల్డింగ్ అవుతాయి. విడదీసి ఇదే ప్లాట్‌ఫామ్ అని చూపించగలిగే వస్తువేదీ ఉండదు. నిజానికి అది ముందుగా ఖరారు చేసుకున్న కొన్ని దూరాల, బిగింపు స్థానాల సముదాయం. వాటిలో మార్చడానికి అన్నిటికంటే ఖరీదైనది ముందు ఇరుసు నుంచి డ్రైవరు పెడళ్ల దాకా ఉన్న దూరం. ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు, ఏసీ, ఢీకొన్నప్పుడు నలిగి శక్తిని పీల్చుకోవలసిన ఉక్కు దూలాలు అన్నీ ఆ కాస్త చోటులోనే కిక్కిరిసి ఉంటాయి కాబట్టి, అక్కడ ఒక అంగుళం కదిపితే అన్నిటినీ మళ్లీ పరీక్షించుకోవాలి. పెడళ్లకు వెనుక నేల మాత్రం ఎక్కువగా ఖాళీయే. సాగదీయాలంటే సాగదీయవలసింది అక్కడే.

రెనో, నిస్సాన్ సంస్థలు 2013లో ప్రకటించిన సీఎంఎఫ్ (కామన్ మాడ్యూల్ ఫ్యామిలీ) పద్ధతి కారును ఇంజను గది, డ్యాష్‌బోర్డు భాగం, ముందు నేల, వెనుక నేల, విద్యుత్ వ్యవస్థ అనే ఐదు ముక్కలుగా చూస్తుంది. అందులోని చిన్న కుటుంబం సీఎంఎఫ్-ఏ. 2015లో చెన్నై పక్కన ఒరగడం కర్మాగారం నుంచి వచ్చిన రెనో చిన్న కారు క్విడ్ దానికి తొలి సంతానం. ఆ ప్రాజెక్టును నడిపిన జెరార్డ్ డెటుర్బే పొదుపును ఎంత దూరం తీసుకెళ్లారో తెలియాలంటే క్విడ్ చక్రం దగ్గర కూర్చుని చూడాలి: నాలుగు నట్లు ఉండవలసిన చోట మూడే ఉంటాయి. ముందు అద్దానికి వైపరు ఒక్కటే.

ఆ క్విడ్ పొడవు 3679, వీల్‌బేస్ 2422. ట్రైబర్‌కు వచ్చేసరికి పొడవు 311 మి.మీ. పెరిగితే అందులో 214 చక్రాల మధ్యకే చేరాయి. అయితే నేలను దూలంగా ఊహించుకుంటే, అదే మందం, అదే బరువుతో దాని వంపు పొడవు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. 2422 నుంచి 2636కు పోవడం 9 శాతం పెరుగుదలే అయినా, వంపు మాత్రం సుమారు 29 శాతం ఎక్కువవుతుంది. కాబట్టి క్విడ్ నేలను యథాతథంగా సాగదీస్తే తలుపులు సరిగ్గా పడవు, గతుకుల్లో బండి కిర్రుమంటుంది. అడ్డదూలాలు, గట్టి ఉక్కు చేర్చక తప్పదు. ట్రైబర్ ప్లాట్‌ఫామ్‌ను సీఎంఎఫ్-ఏ ప్లస్ అని వేరే పేరుతో పిలవడం ఊరికే కాదు. తర్వాత నిస్సాన్ మాగ్నైట్, రెనో కైగర్ దాని మీదే వచ్చాయి.

ప్లాట్‌ఫామ్ ఒకటే కాబట్టి భద్రత కూడా ఒకటే అనుకోవడం పొరపాటు. 2016లో, కార్లను ఢీకొట్టించి చూసి ఐదు దాకా నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో భారతీయ క్విడ్‌కు సున్నా నక్షత్రాలు వచ్చాయి. మరుసటి ఏడాది బ్రెజిల్‌లో, బాడీని బలపరచి నాలుగు ఎయిర్‌బ్యాగులు పెట్టిన క్విడ్‌కు లాటిన్ ఎన్‌క్యాప్ మూడు నక్షత్రాలిచ్చింది. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ట్రైబర్ పెద్దల రక్షణలో నాలుగు తెచ్చుకుంది గాని, దాని బాడీ షెల్, అంటే వెల్డింగ్ చేసిన ఆ పెట్టె, నిలకడగా లేదని అదే నివేదిక చెప్పింది. నక్షత్రాలు లెక్కపెట్టేవారు ఆ రెండో వాక్యం కూడా చదవాలని నా అభిప్రాయం.

ఇక ట్రైబర్‌లో ఇంజను గది సాగలేదు కాబట్టి ఇంజనూ పెద్దగా పెరగలేదు. మూడు సిలిండర్ల 999 సీసీ, 72 హార్స్‌పవర్, 3500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) వద్ద 96 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. 947 కిలోల బండిలో ఏడుగురు ఎక్కితే మొత్తం 1400 కిలోలు అవుతుంది. దాన్ని తిరుమల ఘాట్ రోడ్డులో సుమారు 700 మీటర్ల ఎత్తుకు అరగంటలో చేర్చడానికి, గాలి, టైర్ల నిరోధాన్ని పక్కన పెడితే, సగటున కావలసింది 7 హార్స్‌పవర్ కంటే కాస్త ఎక్కువ, అంతే. మరి మలుపుల్లో బండి ఎందుకు ఆయాసపడుతుంది? మలుపులో వేగం పడిపోయి ఇంజను 1500 ఆర్‌పీఎంకు దిగినప్పుడు అందులోని 72 హార్స్‌పవర్‌లో చేతికి అందేది కొద్ది భాగమే. అందుకే గేరు తగ్గించి ఇంజనును అరిపించాలి. పైగా మూడో వరుస బరువు దాదాపుగా వెనుక ఇరుసు మీదే పడుతుంది. బండిని లాగేవి మాత్రం ముందు చక్రాలు.

ఏడు సీట్లూ నిలబెట్టి ఉంచితే డిక్కీలో మిగిలేది 84 లీటర్లు, మనిషికి 12 లీటర్లు. బడికెళ్లే పిల్లవాడి సంచి అంతకంటే పెద్దది. మూడో వరుస సీట్లను ఊడదీసి బయట పెట్టేస్తే ఆ చోటు 625 లీటర్లవుతుంది. అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఆ రెండు సీట్లు మంచం కింద పడతాయా లేదా అన్నది వేరే కొలత. ఏడుగురూ పెళ్లికి బయలుదేరిన రోజున మాత్రం సీట్లు తీయడం కుదరదు కాబట్టి, సూట్‌కేసులు కప్పు మీద కారియర్‌కే ఎక్కాలి.