జతగా చదివించడం: మా బడిలో తరచూ వినే అపోహలు

ఒక పిల్లాడి పక్కన ఇంకో పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెట్టి, ఒకరికొకరు చదవడంలో సాయపడేలా చేయడమే జతగా చదివించడం.

అపోహ: బాగా చదివే పిల్లల టైం వృథా.

"మా పాప తన చదువు మానుకొని వేరేవాళ్లకు చెప్పాలా మేడమ్?" అని తల్లులు అడుగుతుంటారు. ఆ టెన్షన్ సహజమే. కానీ పక్కవాడికి చెప్పే పిల్లకు తన చదువూ గట్టిపడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇందులో ఇద్దరికీ మేలే అంటుంది. అయితే ఇది స్వచ్ఛందంగా, శిక్షణ పొందిన టీచర్ల పర్యవేక్షణలోనే జరగాలి.

అపోహ: ఫస్ట్ వచ్చే పిల్ల పక్కన బాగా వెనకబడిన పిల్లాణ్ణి కూర్చోబెడితే సరి.

తేడా మరీ ఎక్కువైతే ఒకరికి విసుగు, ఇంకొకరికి సిగ్గు. ఐదో తరగతిలో తడబడుతూ చదివేవాణ్ణి రెండో తరగతి పిల్లాడితో కలపండి. నాకు బాగా నచ్చిన జత ఇది. తోటివాళ్ల ముందు చిన్న కథల పుస్తకం పట్టుకోవడం వాడికి నామోషీ. అదే "తమ్ముడికి చదివి వినిపించాలి" అంటే ముందురోజే ఇంటికి పట్టుకెళ్లి చదువుకొని వస్తాడు.

అపోహ: జత కలిపితే చాలు, మిగతాది పిల్లలే చూసుకుంటారు.

చదవడం నేర్పినట్టే, చదువుతుంటే ఓపిగ్గా వినడమూ నేర్పాలి. పిల్లాడు 'అమ్మమ్మ' దగ్గర "అమ్..." అని ఆగగానే పక్కనున్న అక్క చటుక్కున అందించేస్తుంది. లేదంటే "ఇది కూడా రాదా?" అనేస్తుంది. ఆ ఒక్క మాటతో వాడు పుస్తకం మూసేస్తాడు. అందుకే అక్కలకూ అన్నలకూ ముందు నేర్పేది ఇది: మనసులో ఐదు లెక్కపెట్టు. అప్పటికీ రాకపోతే పదం చెప్పు, వాడితో ఒకసారి అనిపించు, ముందుకెళ్లు. ఒత్తు వదిలేసి "అమమ" అన్నా అంతే, తిట్టొద్దు.

మొదట ఇద్దరూ గొంతు కలిపి పైకి చదువుతారు. ధైర్యం వచ్చాక పిల్లాడు బల్ల మీద వేలితో తడతాడు. అక్క ఆపేస్తుంది, వాడొక్కడే చదువుతాడు. తప్పు దిద్దుకోలేకపోతే అక్క పదం అందించి మళ్లీ గొంతు కలుపుతుంది.

అపోహ: ఇదంతా విదేశీ పద్ధతి.

మన వీధిబడుల్లో పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు దిద్దించేవారు. మద్రాసులోని ఎగ్మూరు అనాథ బాలుర పాఠశాలను నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన బడిలోనూ పిల్లలతోనే పిల్లలకు చెప్పించాడు. 1797లో దాని గురించి పుస్తకం రాశాడు. ఇంగ్లండ్‌లో అది 'మద్రాసు పద్ధతి'గా పేరు పొందింది.

అపోహ: ఏ పిల్లాడికైనా ఇదొక్కటే చాలు.

చాలదు. కొన్ని నెలలు చదివించినా అక్షరాలు నిలవకపోతే ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. డిస్లెక్సియా (చదవడం, రాయడం చాలా కష్టమయ్యే సమస్య) లాంటి అభ్యసన వైకల్యాలను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. అనుమానం ఉంటే నిపుణులకు చూపించండి. ఆ పని తోటి పిల్లల మీద వేయకూడదు.