బొమ్మ చూసి బాక్సు కోయించకండి: డీజే బేస్‌పై అపోహలు, వాస్తవాలు

వినాయక చవితి దగ్గర పడుతుంటే నా ఫోనుకు బాక్సు డ్రాయింగులు రావడం మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ, లోపల మెలికలు తిరిగిన హార్న్ (కొసకు వెడల్పయ్యే, మోత పెంచే గొట్టం), పక్కన కొలతలు. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది చేయిస్తే బేస్ అదిరిపోతుందా?" ఏ స్పీకర్ పెడుతున్నావు తమ్ముడూ అంటే, "పద్దెనిమిది అంగుళాలది, తక్కువలో ఏదో ఒకటి చూస్తాను" అంటారు.

అపోహ: డిజైన్ మంచిదైతే ఏ స్పీకర్ బిగించినా మోగుతుంది.

మా పనిలో జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ నమ్మకంతోనే. బాక్సు కొలత స్పీకర్‌ను బట్టి ఉండాలి. ఆ లెక్కకు ఇంజనీర్ నెవిల్ థీల్ 1961లో దారి వేస్తే, మరో ఇంజనీర్ రిచర్డ్ స్మాల్ 1970లలో దాన్ని స్థిరపరిచారు. ఎఫ్‌ఎస్ (స్పీకర్ ముందు కదిలే కోన్ సహజంగా సెకనుకు ఎన్నిసార్లు ఊగేదీ), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణిగేదీ), వీఏఎస్ (కోన్ బిగుతుకు సమానమైన గాలి పరిమాణం), ఎక్స్‌మ్యాక్స్ (కోన్ అదుపులో ఎంత దూరం కదిలేదీ) అంకెలు ఇవ్వని స్పీకర్ ఎంత చవకగా వచ్చినా ముట్టుకోకండి. ఒకే సైజు స్పీకర్లలో ఒకదానికి 150 లీటర్ల బాక్సు సరిపోతే, మరోదానికి 250 కూడా చాలకపోవచ్చు.

ఇక హార్న్ మోజు. 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) శబ్దానికి ఒక అల పొడవు సుమారు 8.6 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే రెండు మీటర్లకు పైగా దారి బాక్సు లోపల మడవాలి. అదైనా మడవవచ్చు, హార్న్ బయటికి తెరుచుకునే నోటి సంగతి ఏమిటి? హార్న్ నిజంగా హార్న్‌లా పనిచేయాలంటే నేల మీద పెట్టినా దాదాపు 3 చదరపు మీటర్ల నోరు కావాలి. ఒక బాక్సు నోరు అర చదరపు మీటరు ఉంటే గొప్ప. పెద్ద కంపెనీలు ఆరు, ఎనిమిది బాక్సులు గోడలా పేర్చేది అందుకే. ఆ గోడ వీడియో చూసి రెండు బాక్సులు చేయించుకుంటే 60 హెర్ట్జ్ దగ్గర గట్టిగా మోగి, కిందికి వెళ్లేసరికి చేతులెత్తేస్తాయి.

రెండు నుంచి నాలుగు బాక్సుల బడ్జెట్ ఉన్నవారికి నేను చెప్పేది ఒక్కటే: పోర్టు బాక్సు, అంటే గాలి వచ్చిపోయే గొట్టం లేదా సందు ఉన్న బాక్సు. 18 ఎంఎం ప్లైవుడ్, లోపల అడ్డపట్టీలు, 40 హెర్ట్జ్ చుట్టుపక్కల ట్యూనింగ్ (పోర్టులోని గాలి ఊగే ఫ్రీక్వెన్సీ). ఛాతీకి తగిలే దెబ్బ ఎక్కువగా 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. 30 కోసం పాకులాడకండి. అదే మోత సగం ఫ్రీక్వెన్సీలో రావాలంటే కోన్ నాలుగు రెట్లు కదలాలి, ఆ కదలికకు తగ్గ స్పీకర్ ధర చూస్తే మీకే తెలుస్తుంది. 18 అంగుళాల స్పీకర్‌కు ఒక్క నాలుగంగుళాల పీవీసీ పైపు పెట్టి సరిపెట్టకండి. వాల్యూమ్ పెంచగానే పాటకంటే పైపు బుసే ఎక్కువ వినిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ట్యూనింగ్‌కు కింద క్రాసోవర్‌లో (ఫ్రీక్వెన్సీలను విడదీసే పరికరంలో) లో-కట్, అంటే కింది ఫ్రీక్వెన్సీలను ఆపే అమరిక, పెట్టాల్సిందే. అక్కడ బాక్సు కోన్‌ను పట్టుకోదు. కోన్ అదుపు తప్పి కాయిల్ (కోన్ వెనకుండే తీగచుట్ట) వెనక్కి కొట్టుకుంటుంది.

ఖమ్మం వైపు టెంట్ హౌస్ నడిపే కుర్రవాడు అప్పు చేసి రెండు హార్న్ బాక్సులు చేయించాడు. బేస్ లేదు. పెద్ద యాంప్లిఫయర్ కొంటే వస్తుందని ఎవరో చెప్పారట, దానికి మళ్లీ వడ్డీకి తేవడానికి సిద్ధమయ్యాడు. స్పీకర్లు బయటికి తీయించి, 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ కొసను ఎర్ర టెర్మినల్‌కు, మైనస్ కొసను నల్లదానికి ఒక్క క్షణం తాకించాను. రెండు కోన్లూ ముందుకే వచ్చాయి. మళ్లీ బిగించి బాక్సు సాకెట్ దగ్గర అదే చేయిస్తే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. ఒక బాక్సులో వైర్లు తారుమారయ్యాయి. ఒకటి నెట్టిన గాలిని మరొకటి లాగేసుకుంటుంటే బేస్ ఎక్కడ మిగులుతుంది? వైర్లు మార్చాక అతని ముఖం చూడాలి. లోతైన బేస్ అప్పటికీ రాలేదు, అది ఆ బాక్సుల పరిమితి. కొత్త అప్పు మాత్రం తప్పింది.

అపోహ: వాట్స్ రెట్టింపైతే మోత రెట్టింపు.

పెరిగేది 3 డెసిబెల్స్ (మోతను కొలిచే ప్రమాణం) మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్లు పవర్ కావాలి. 94 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకు మీటరు దూరంలో ఎంత మోగేదీ) స్పీకర్ బదులు 97ది కొంటే యాంప్లిఫయర్‌ను రెట్టింపు చేసినట్టే. రెండో బాక్సును మొదటిదాని పక్కనే ఆనించి, దానికీ అంతే పవర్ ఇస్తే బేస్‌లో 6 డెసిబెల్స్ పెరుగుతాయి. అందుకే బేస్ బాక్సులను స్టేజీకి చెరో వైపు విడదీయకండి. విడదీస్తే మధ్యలో ఒక చోట అదిరిపోతుంది, నాలుగడుగులు పక్కకు జరిగితే మాయమవుతుంది. మాగ్నెట్ వెనక స్టిక్కర్ మీద 2000 అని ఉందా? అది పీక్ (క్షణకాలం తట్టుకునే గరిష్ఠం) అయితే అసలు నిలకడగా తట్టుకునేది 500.

అపోహ: చిన్న యాంప్లిఫయర్ స్పీకర్‌ను కాలుస్తుంది. యాంప్లిఫయర్ పరిమితి దాటిందని చెప్పే క్లిప్ లైటు వెలుగుతూనే ఉన్నా ఇంకా పెంచే చేయి కాలుస్తుంది. క్లిప్ అయిన యాంప్లిఫయర్ తన రేటింగ్‌కు దాదాపు రెట్టింపు దాకా పంపగలదు.

అపోహ: బేస్ తయారు కావడానికి దూరం కావాలి. మరి ఇయర్‌ఫోన్లలో ఎలా వినిపిస్తోంది?

అపోహ: ఊరేగింపుకు అనుమతి ఉంటే ఎంతసేపైనా మోగించవచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ నిషిద్ధం. రాష్ట్ర ప్రభుత్వం కొన్ని పండుగ రోజులకు అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. అడ్వాన్సు తీసుకునే ముందే ఆ సంగతి కమిటీ వారితో మాట్లాడుకోండి. పోలీసులు సామాను పట్టుకెళితే పోయేది వారి బాక్సులు కావు.