చీనీకాయలో చీనా ఎక్కడిది?

ప్రియమైన పిల్లలకు,

తిరుపతి నుంచి మీ తాతయ్య ఆశీస్సులు. "చీనీకాయలు చైనా నుంచి వస్తాయా తాతయ్యా?" అని మీరు ఫోనులో అడిగారు. అంత మంచి ప్రశ్నకు అవుననో కాదనో చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మన బజారులో బండ్ల మీద అమ్మేవి అనంతపురం, కడప వైపు తోటల్లో కాసినవే. కోస్తాలో వీటినే బత్తాయిలంటారు. చిత్తూరు దాటి తమిళనాడులోకి వెళితే సాత్తుకుడి. హైదరాబాదులో మోసంబి అంటారు. అది ఆఫ్రికాలోని మొజాంబిక్ పేరు. మన రాయలసీమ వాళ్ళం మాత్రం చీనీ అంటాం. బెంగాల్‌ది బెంగాలీ అయినట్టే, చీనాది చీనీ.

ఈ పేరులో నిజం ఉంది. పంపరపనస, కమలా జాతుల కలయికతో ఈ తీపి నారింజ పండు పుట్టిందనీ, దాని తొలి నేల దక్షిణ చీనా ప్రాంతమనీ శాస్త్రవేత్తలు చెబుతారు. దాని శాస్త్రనామం సిట్రస్ సైనెన్సిస్. సైనెన్సిస్ అంటే చీనా దేశపుది అనే. డచ్చివాళ్ళు దీన్ని సినాసాపెల్ అంటారు, అంటే చీనా ఆపిల్. రష్యావాళ్ళ అపెల్సిన్ కూడా ఆ కోవలోదే. నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో దీవి సంగతి. అక్కడివాళ్ళు ఈ పండును 'చీనా' అనే పిలుస్తారు. తెలుగు ఒక్క ముక్క తెలియని ఆ దీవిలో మీరు చీనా రసం కావాలని అడిగితే అంగడివాడు గ్లాసు నింపి ఇస్తాడు!

అరబ్బులకు మాత్రం ఇది బుర్తుఖాల్, తుర్కులకు పోర్తకాల్, గ్రీకులకు పోర్తోకాలి. మూడింటిలోనూ పోర్చుగల్ వినిపిస్తోంది కదా? పోర్చుగల్‌లో ఈ చెట్టు పుట్టలేదు. 1498లో వాస్కోడిగామా కాలికట్ చేరాక తూర్పు సముద్రాల్లో పోర్చుగీసు ఓడల రాకపోకలు పెరిగాయి. మేలైన తీపి రకాలను ఆ వర్తకులే పడమటికి చేర్చారు. అందువల్ల తెచ్చినవాడి పేరే పండుకు నిలిచింది. అంతకు చాలా ముందే అరబ్బుల ద్వారా యూరపు చేరింది పుల్లని రకం. దానితోపాటు మన 'నారంగ' అనే పేరూ వెళ్ళింది. పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్ అయి, యూరపు భాషల్లో మొదటి 'న' పోగొట్టుకుని, చివరికి ఇంగ్లీషులో ఆరెంజ్ అయింది. మన నారింజ ఆ పదానికి దగ్గరి చుట్టమే.

ఇక ఢిల్లీలో చీనీ ఇమ్మంటే పంచదార పొట్లం కడతారు. తమిళంలోనూ సీని అంటే చక్కెరే, సింహళంలోనూ అంతే. ఇదీ చీనా పేరు నుంచి వచ్చినదేనని నిఘంటువులు చెబుతాయి. ఇక్కడే మీరు కాస్త ఆగి ఆలోచించాలి. చెరకు రసం కాచి పంచదార చేసే విద్యలో మనవాళ్ళది పాత చెయ్యి. 7వ శతాబ్దంలో తాంగ్ వంశపు చక్రవర్తి తైజాంగ్ ఆ విద్య నేర్చుకుని రమ్మని మగధకు మనుషులను పంపినట్టు చీనా చరిత్రల్లోనే ఉంది. సంస్కృతంలో గులకరాయి అనే అర్థమున్న 'శర్కర' అరబ్బుల నోట సుక్కర్ అయి, ఇంగ్లీషులో షుగర్ అయింది. మన సరుకు మన మాటతోనే లోకమంతా తిరుగుతుంటే, మన ఇళ్ళలోనే దానికి చీనా పేరు! అందుకే ఒక్క పేరును పట్టుకుని, ఆ వస్తువు ఫలానా చోటే పుట్టిందని తీర్పు చెప్పకండి. పండు విషయంలో నిజమైనది పంచదార విషయంలో కాలేదు.

చీనా అనే పేరు అక్కడి చిన్ రాజవంశం నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అక్కడివాళ్ళు మాత్రం తమ దేశాన్ని చోంగ్‌గువో అంటారు, నడిమి దేశమని అర్థం. పండును ఛెంగ్ అంటారు. అందులో దేశం పేరు లేదు.

మన చిత్తూరు తోటల్లోనూ ఇలాంటిది ఒకటుంది. తోతాపురి మామిడిని ఇక్కడ బెంగుళూరు అంటారు. కన్నడ వాళ్ళేమో దాని కొస చూసి గిణిమూతి, అంటే చిలుక మూతి అంటారు. ఈసారి మామిడి కాలంలో వచ్చినప్పుడు మండీకి తీసుకువెళతాను. అక్కడ వినిపించే కాయల పేర్లన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి.

మీ తాతయ్య