కందుకూరు తర్వాత వచ్చిన జీవో, దాని వెనక వందేళ్ల కథ

2022 డిసెంబర్ 28 రాత్రి కందుకూరులో ఎనిమిది మంది చనిపోయారు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడి సభకు వచ్చిన జనం ఇరుకు రోడ్డులో చిక్కుకుపోయారు. తోపులాటలో కొందరు పక్కనున్న కాలువలో పడ్డారు. పొద్దున ఇంట్లో చెప్పి బయల్దేరిన మనిషి రాత్రికి శవమై రావడం ఎంత ఘోరం! ఆ ఇళ్ల బాధను పక్కనపెట్టి ఈ విషయం మాట్లాడలేం. జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర జరిగిన తొక్కిసలాటలో మరో ముగ్గురు పోయారు. మర్నాడే, 2023 జనవరి 2న, రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబర్ 1 ఇచ్చింది.

ఆ జీవో ప్రకారం జాతీయ, రాష్ట్ర రహదారుల మీదే కాదు, మునిసిపల్, పంచాయతీ రోడ్ల మీద కూడా సభలకు, ర్యాలీలకు అనుమతి ఇవ్వకూడదు. ఎప్పుడైనా అరుదుగా ఇవ్వాల్సి వస్తే అధికారి కారణం రాసి మరీ ఇవ్వాలి. ఇందుకు ఆధారంగా చూపించింది 1861 నాటి పోలీసు చట్టం. 1857 సిపాయిల తిరుగుబాటు జరిగిన నాలుగేళ్లకు బ్రిటిష్ వాళ్లు రాసుకున్న చట్టం అది.

ఎనిమిది ప్రాణాలు పోయాక ప్రభుత్వం ఏదో ఒకటి చెయ్యాల్సిందే, అందులో తప్పులేదు. కానీ రోడ్డు ఇరుకైతే ఎక్కడ సభ పెట్టుకోవచ్చో, ఎంతమందిని రానివ్వచ్చో, కాలువ పక్కన కంచె ఎవరు కట్టాలో చెప్పాలి. ఆ పని వదిలి మాట్లాడే చోటునే మూసేయడం మన తీరప్రాంతానికి కొత్త కాదు. దాని వెనక కథ తెలుసుకోవాలంటే చీరాల దాకా వెళ్లాలి.

చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లా. 2022 దాకా ప్రకాశం, 1970కి ముందు గుంటూరు. బ్రిటిష్ ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసేసరికి ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను దాదాపు నలభై వేలకు చేరింది. నేతపని, కూలిపని చేసుకునే జనం అంత ఎక్కడినుంచి తెస్తారు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్లకు అండగా నిలబడ్డారు. 1921 ఏప్రిల్‌లో జనం ఇళ్లకు తాళాలేసి, ఊరు ఖాళీ చేసి, రామనగరం అనే పాకల ఊరు కట్టుకుని పదకొండు నెలలు ఎండావానల్లో ఉన్నారు. ఊరు ఊరంతా లేచిపోతే మునిసిపాలిటీ ఎవరి దగ్గర పన్ను వసూలు చేస్తుంది?

ఆ ఉద్యమాన్ని లాఠీలతో లొంగదీయలేకపోయారు. దెబ్బ తగిలింది గోపాలకృష్ణయ్య గొంతుకు. విరాళాల కోసం బరంపురం వెళ్లిన ఆయన్ని సభలో మాట్లాడొద్దని ఆదేశం ఇచ్చారు. ఆయన లెక్కచేయకపోయేసరికి అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపారు. నాయకుడి మాట వినబడకపోయేసరికి రామనగరం మెల్లగా ఖాళీ అయింది, జనం చీరాలకు తిరిగొచ్చారు. నేరం ఏదీ జరగకముందే మాట్లాడటాన్నే నేరం చేసే ఆదేశం ఎంత పని చేస్తుందో ప్రభుత్వానికి అప్పుడే తెలిసిపోయింది.

అదే ఏడాది మద్రాసులో టంగుటూరి ప్రకాశం ‘స్వరాజ్య’ పత్రిక మొదలుపెట్టారు. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం లాయరుగా సంపాదించిందంతా ఆ పత్రికలో పోశారు. కావలిలో పుట్టిన ఖాసా సుబ్బారావు లాంటి పాత్రికేయులు అక్కడే రాటుదేలారు. చీరాలలో పుట్టిన కోటంరాజు రామారావు ఇంకా దూరం వెళ్లి, లక్నోలో నెహ్రూ స్థాపించిన ‘నేషనల్ హెరాల్డ్’కు తొలి సంపాదకుడయ్యారు. జైళ్లలో ఖైదీలను పెడుతున్న హింస గురించి సంపాదకీయం రాసినందుకు 1942లో ఆయనే జైలుకెళ్లారు. ఇటు నెల్లూరులో వెంకట్రామానాయుడి ‘జమీన్ రైతు’ వారపత్రిక జమీందారీ రైతుల కష్టాలు రాస్తూ పల్లెపల్లెకూ వెళ్లింది.

ఇక్కడ నాకు చాలా కష్టంగా అనిపించే ఒక విషయం చెప్పాలి. 1928లో సైమన్ కమిషన్‌కు ఎదురుతిరిగి మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము చూపిన ప్రకాశం పంతులే 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) అయ్యారు. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వం శాంతిభద్రతల పేరుతో ఒక ఆర్డినెన్సు తెచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం అందులో ఉంది. దాని కింద కమ్యూనిస్టులను పట్టుకుపోయారు. పాత కమ్యూనిస్టులు దాన్ని ‘ప్రకాశం ఆర్డినెన్సు’ అనే పిలిచేవాళ్లు. ఆయన పేరే మా జిల్లాకు పెట్టుకున్నాం, ఆయనంటే నాకున్న గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. అయినా ఇది దాచిపెడితే ఈ చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది. జైలు చూసిన మనిషి చేతికి అధికారం వచ్చినా ఆ పాత ఆయుధం అక్కడే ఉంది, తీసి వాడారు.

అదే వరసలో 1949లో మద్రాసు శాంతిభద్రతల చట్టం వచ్చింది. రాజ్యాంగం అమల్లోకొచ్చి నలభై రోజులు కూడా కాకుండానే, 1950 మార్చి 1న, ఆ చట్టం కింద రొమేష్ థాపర్ బొంబాయి నుంచి నడిపే ‘క్రాస్ రోడ్స్’ వారపత్రిక మద్రాసు రాష్ట్రంలోకి రాకూడదని ఆపేశారు. అప్పటికి నెల్లూరు, ఒంగోలు, చీరాల అన్నీ మద్రాసు రాష్ట్రమే. అంటే ఆ పత్రిక చదవకూడదని మన ఊళ్లకు కూడా చెప్పారన్నమాట. మే 26న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. రాజ్యభద్రతకు ముప్పు ఉంటేనే మాటను ఆపొచ్చని రాజ్యాంగం చెప్పింది, ‘శాంతిభద్రతలు’ అనే వెడల్పాటి మాట కింద ఆపడానికి కుదరదని కోర్టు తీర్పు.

ఏడాది తిరిగేసరికి, 1951 జూన్‌లో, మొదటి రాజ్యాంగ సవరణతో 19(2) అధికరణంలో ‘శాంతిభద్రతలు’ అనే మాట చేరింది. అయితే పరిమితి ‘సహేతుకంగా’ ఉండాలన్న మాటా అప్పుడే చేరింది. అప్పట్నించి ఇప్పటిదాకా కోర్టుల్లో జరిగే వాదనంతా ఈ రెండు మాటల మధ్యే తిరుగుతోంది.

పత్రిక అందరికీ అందదు. చదువురాని వాళ్లకు, చేతిలో డబ్బు లేని వాళ్లకు రోడ్డే పత్రిక. పొట్టి శ్రీరాములు చివరి ఏళ్లలో హరిజనోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు ఛాతీకి, వీపుకి కట్టుకుని నెల్లూరు వీధుల్లో తిరిగేవారు. చాలామంది పిచ్చివాడన్నారు.

దూబగుంట సంగతి ఇంకా పెద్దది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా పొలంలో వంగి పనిచేసిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు ముందు పలక పట్టారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ ఉంది, సారా కాపురాన్ని ఎలా కూల్చిందో చెప్పే కథ. అది తమ ఇంటి కథేనని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. ఆ పాఠం మీద ఒత్తిడి వచ్చి వాచకంలోంచి తీసేశారు. ప్రభుత్వం తానే అచ్చు వేసిన కథకు తానే భయపడిందంటే దాని బలం ఎంతో చూడండి. అప్పటికే కథ నోళ్లలో పడింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ ఆడవాళ్లకు హాలు లేదు, మైకు లేదు. వాళ్లు కూడిందీ అరిచిందీ పంచాయతీ రోడ్డు మీదే. జీవో 1 చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది వాళ్లే.

జీవో మీద సీపీఐ నాయకుడు కె. రామకృష్ణ హైకోర్టుకు వెళ్లారు. 2023 జనవరి 12న కోర్టు దాన్ని తాత్కాలికంగా ఆపింది. మే 12న ప్రధాన న్యాయమూర్తి ప్రశాంత్ కుమార్ మిశ్రా, జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులుల ధర్మాసనం పూర్తిగా కొట్టేసింది. దీనికి దారి 1972లోనే పడింది. అహ్మదాబాద్‌కు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు, వీధుల్లో సభలను పోలీసులు క్రమబద్ధం చేయవచ్చు గాని మొత్తంగా కాదనే అధికారం వాళ్లకు ఇవ్వకూడదని చెప్పింది.

పత్రికల వైపు చూస్తే, 2019 అక్టోబర్ 30న వచ్చిన జీవో 2430 తప్పుడు వార్తల మీద కేసులు వేసే అధికారం శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. పరువునష్టం నేరంగానే ఉంటుందని 2016లో సుప్రీంకోర్టు అంది, పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన కొత్త న్యాయసంహితలో అది 356వ సెక్షన్. సంపాదకుడికి లాయర్లుంటారు. చీమకుర్తి గ్రానైట్ మీదో గూడూరు సిలికా ఇసుక మీదో రాసే మండల కంట్రిబ్యూటర్‌కు ఎవరున్నారు? లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికే మనిషికి ఒక్క నోటీసు వస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. కేసు గెలిచినా, వాయిదాలకు తిరిగిన ఆ ఏళ్లలో రాయాల్సిన వార్తలు రాయకుండానే పోతాయి.

ప్రభుత్వం మారాక కూడా పాత ఆయుధం మూల పడలేదు. 2024 నవంబర్‌లో సోషల్ మీడియా పోస్టుల మీద రాష్ట్రమంతా వరసగా కేసులు పెట్టారు, అందులో ఒక సినిమా దర్శకుడి మీద కేసు మన మద్దిపాడు స్టేషన్‌లోనే నమోదైంది. ఆడవాళ్ల ఫొటోలు మార్చి పరువు తీసేవాడిని వదిలేయమంటే నేను ఒప్పుకోను. కానీ ఆ బూతుకు, నాయకుడి మీద వేసిన వెటకారానికి ఒకే రకం సెక్షన్లు పెడితే ఆ రెండింటి మధ్య తేడా పోలీసు స్టేషన్‌లోనే చెరిగిపోతుంది.

హైకోర్టు కొట్టేసింది జీవో 1ని మాత్రమే. 1861 చట్టం అలాగే ఉంది. జనం గుమిగూడకుండా ఆపే పాత 144వ సెక్షన్ ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. అంగన్‌వాడీ టీచర్లు ఒంగోలు కలెక్టరేట్ ముందు ధర్నాకు కూర్చోవాలన్నా, కందుకూరు సెంటర్‌లో ఎవరైనా సభ పెట్టాలన్నా, మొదటి అర్జీ ఈరోజుకీ పోలీసుల టేబుల్ మీదికే వెళ్తుంది.