"మా బాబుకేనండీ" అని కొనే ఫాంటసీ పుస్తకాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపు మాది, ఫాంటసీ ర్యాక్, అంటే మాయలు మంత్రాల కథలుండేది, చూసేది నేనే. రోజూ కౌంటర్ దగ్గర వినేవే రాస్తున్నా.

అపోహ: పెద్దాళ్ళు ఇవి కొనేది పిల్లల కోసమే.

నేనేం అడక్కముందే "మా బాబుకండీ" అనేస్తారు. వారం తిరక్కుండా రెండో పార్ట్ వచ్చిందా అని మళ్ళీ వస్తారు, వచ్చేది మాత్రం బాబు కాదు! అమెరికాలో బౌకర్ అనే సంస్థ 2012లో లెక్క తీస్తే టీనేజ్ వాళ్ళకని వేసిన పుస్తకాలు కొనేవాళ్ళలో 55 శాతం 18 ఏళ్ళు, ఆపైన వాళ్ళే, అందులో పెద్ద వాటా 30 నుంచి 44 ఏళ్ళ వాళ్ళది, అదీ నూటికి 78 సార్లు సొంతంగా చదూకోడానికే కొన్నామన్నారు (ఆ లెక్క టీనేజ్ పుస్తకాలన్నిటిదీ, ఒక్క ఫాంటసీది కాదు). లండన్‌లో బ్లూమ్స్‌బరీ వాళ్ళకి ఈ సంగతి ముందే అర్థమైంది. 1997లో మొదటి హ్యారీ పోటర్ వేసి, 1998లోనే పెద్దాళ్ళ కోసం నలుపు తెలుపు రైలు ఫోటోతో వేరే అట్ట వేశారు. లోపల కథ అదే, ట్రైన్లో చదివేవాళ్ళకి మొహమాటం లేకుండా అట్ట మార్చారంతే.

అపోహ: ఇదంతా హ్యారీ పోటర్ తెచ్చిన పిచ్చి.

ఈ మాట అనేవాళ్ళని లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల దగ్గర ఒక గంట నిలబెట్టాలి. పాత చందమామ బైండు ఉందా అని అడిగేది ఎక్కువగా తల నెరిసినోళ్ళే. 1947 జులైలో చందమామ మొదలైంది, 1954లో దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క సీరియల్ వచ్చింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన మాంత్రికులు, రాక్షసులు, చిత్రా గారి బొమ్మలు. నాన్న ఆఫీసు నుంచి రాగానే ముందు ఆయన చదివి తర్వాతే పిల్లలకిచ్చిన ఇళ్ళు మన ఊళ్ళో బోలెడు. ఇంకా వెనక్కెళ్తే మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు, 12 భాగాలు, అవి పెద్దాళ్ళు చదూకున్నవే, పిల్లల దాకా తర్వాత వచ్చాయి. అంటే మన దగ్గర రాకపోకలు రెండువైపులా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో టోల్కీన్ అనే రచయిత కూడా అంతే, 1937లో పిల్లల కోసం హాబిట్ వేశాడు, పబ్లిషర్ ఇంకోటి రాయమంటే 1954-55లో బయటికొచ్చింది పెద్దాళ్ళ పుస్తకం, లార్డ్ ఆఫ్ ద రింగ్స్. అసలు ఏ పుస్తకం ఏ ర్యాక్‌లో పెట్టాలన్నది మా అమ్మేవాళ్ళ సౌకర్యం కోసం, చదివేవాళ్ళ వయసుకి దాంతో సంబంధం లేదు.

అపోహ: పిల్లల ఫాంటసీ అంటే తేలిక సరుకు.

ఇంగ్లిష్ రచయిత ఫిలిప్ పుల్‌మన్ 'హిజ్ డార్క్ మెటీరియల్స్' సిరీస్‌లో మూడో పుస్తకం, ది అంబర్ స్పైగ్లాస్, చావు గురించీ మతపెద్దల పెత్తనం గురించీ. ఇంగ్లండ్‌లో 2001 విట్‌బ్రెడ్ బుక్ ఆఫ్ ద ఇయర్ దానికే ఇచ్చారు, పెద్దాళ్ళ నవలలన్నీ పక్కనుండగానే. పిల్లల పుస్తకానికి ఆ ప్రైజు రావడం అదే మొదలు.

అపోహ: బాధ్యతల్నుంచి పారిపోడానికి చదూతారు.

రోజంతా జీఎస్టీ రిటర్న్‌లు చూసినాయన రాత్రి డ్రాగన్ కథ చదివితే పారిపోవడం, అదే రాత్రి ఐపీఎల్ చూస్తే రిలాక్స్ అవడం! దీనికింతకంటే టైం పెట్టను.

అపోహ: అట్ట మీద డ్రాగన్ ఉందిగా, పిల్లలకి ఇచ్చేయొచ్చు.

అసలు ఇబ్బంది ఇక్కడుంది. పెద్దాళ్ళు పిల్లలవి చదివితే ఎవరికీ నష్టం లేదు, ఇటు నుంచి అటు మాత్రం చూస్కోవాలి. ఏడో క్లాసు పాపకి బర్త్‌డే గిఫ్ట్ అని గేమ్ ఆఫ్ థ్రోన్స్ తీసుకెళ్ళబోయినవాళ్ళని ఆపాను, అది 1996లో పెద్దాళ్ళకని వచ్చిన పుస్తకం, హింస, సెక్స్ అన్నీ ఉంటాయి. హీరో చిన్నపిల్లాడా కాదా అనేది గుర్తు కాదండీ, అందులో కూడా పిల్లలున్నారు. మధ్యలో ఎక్కడైనా ఒక పది పేజీలు తిరగేయండి, షాపులో నిలబడి చదివినా మేమేం అనం. సిరీస్ అయితే సెట్ మొత్తం ఒకేసారి కొనకండి. హ్యారీ పోటర్ నాలుగోది 2000లో వచ్చింది, ఇంగ్లండ్ ఎడిషన్ 636 పేజీలు, కథ చీకటి పడేది అక్కడే, ఒక కుర్రాడు చచ్చిపోతాడు. ఎనిమిదేళ్ళ పిల్లలకి మొదటి మూడూ ఇప్పించి, నాలుగోది ముందు మీరు చదవండి. ఈసారి బిల్లు మీ పేరు మీదే రాస్తాను.