ఆల్చిప్పల వేటలో దొరికినవి

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న కాతేరు క్వారీలో శిలాజాలు ఎక్కువ దొరకలేదని మీరు దిగాలుపడ్డారు. కానీ మీరు పక్కన పడేసిన వాటి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ముందు ఆ చోటు సంగతి. రాజమండ్రి దగ్గర కాతేరులోనూ, గోదావరికి అటువైపు పంగిడిలోనూ ఉన్న నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. దక్కన్ పీఠభూమిలో పొంగి, సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని శాస్త్రవేత్తలు చెబుతారు. ఒక లావా పొర గడ్డకట్టాక, మరొకటి వచ్చేలోపు దాని మీద సున్నపురాయి పేరుకుంది. మనం వెతికిన ఆల్చిప్పలూ నత్తగుల్లలూ ఆ మధ్య పొరలోవే.

నల్లరాయిలో చిన్న చిన్న గుంతలు, వాటిలో తెల్లటి స్ఫటికాలు చూశారు కదా! లావా చల్లబడుతున్నప్పుడు లోపలి ఆవిరి, వాయువులు బయటికి పోలేక బుడగలుగా ఉండిపోయాయి. తర్వాత వేల ఏళ్లపాటు ఇంకిన నీరు తనలో కరిగిన ఖనిజాలను ఆ ఖాళీల్లో కొంచెం కొంచెంగా వదిలింది. అలా పెరిగినవే కాల్సైట్, జియోలైట్ స్ఫటికాలు. సజలమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేస్తే కాల్సైట్ బుసబుస పొంగుతుంది. ఆ పని మాత్రం మీ సైన్స్ టీచర్ దగ్గరుండి చేయించాలి.

సున్నపురాయి పలక మీద నల్లటి ఫెర్న్ ఆకు కనిపించిందని ఎంత సంబరపడ్డారో! అది ఆకు కాదు. రాతి పగులులోకి జొరబడిన నీటిలోని మాంగనీసు అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంది. దాన్ని డెండ్రైట్ అంటారు. లెన్స్ పెట్టి చూడండి, ఆకుకుండే ఈనెలు కనిపించవు. అయినా నాకది శిలాజమంత ఇష్టం. ప్రాణం లేని ఖనిజం చెట్టులా కొమ్మలు వేయడం ఎంత వింత!

ఇక దుమ్ములో గరాటులాంటి గుంటలు. వాటి అడుగున ఒక పురుగు దవడలు చాచుకుని కూర్చుంటుంది. చీమ అంచు మీద కాలు పెడితే ఇసుక జారుతుంది, చీమ దాని నోట్లో పడుతుంది. అదే పురుగు పెద్దయ్యాక రెక్కలొచ్చి తూనీగలా ఎగురుతుంది.

ఈసారి ఏది తీసినా కాగితంలో చుట్టి, ఏ ఊరు, ఏ పొర, ఏ తేదీ అన్నది చీటీ మీద రాసి లోపల పెట్టండి. క్వారీ వాళ్లను అడగకుండా లోపలికి వెళ్లొద్దు. నిలువు అంచుల కింద అస్సలు నిలబడొద్దు.

ప్రేమతో,
తాతయ్య